‘మిడ్‌నైట్ ఇన్ పారిస్’: గతం మీది మోజును ఈ సినిమా తప్పుపడుతోందా, మురిపెంగా పెంచుతోందా?

ప్రశ్న (పాతరీలు):

ఉడీ ఆలెన్ రాసి, తీసిన ‘మిడ్‌నైట్ ఇన్ పారిస్’ 2011లో కాన్ చలనచిత్రోత్సవంలో ప్రారంభ చిత్రంగా ప్రదర్శితమైంది. మరుసటి ఏడాది స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా 15 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఇంతమందిని మెప్పించిన ఈ ప్రేమకథ లోపల ఒక మెలిక ఉన్నదని నాకు అనిపిస్తున్నది. అది సినిమా బలమో, బలహీనతో తేల్చుకోలేక అడుగుతున్నాను.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. గిల్ పెండర్ హాలీవుడ్‌లో బాగా సంపాదిస్తున్న స్క్రీన్‌ప్లే రచయిత. తాను రాసే సినిమాల మీద అతనికే గౌరవం లేదు. నవల రాయాలని, అదీ పారిస్‌లో కూర్చుని రాయాలని అతని కోరిక. పెళ్ళి చేసుకోబోయే ఇనెజ్‌తోనూ ఆమె తల్లిదండ్రులతోనూ కలిసి ఆ నగరానికి వచ్చిన గిల్, ఒక రాత్రి తాగిన మత్తులో దారి తప్పి ఒక చర్చి మెట్ల మీద కూలబడతాడు. గడియారం పన్నెండు కొట్టగానే పాతకాలపు ప్యూజో కారు ఒకటి వచ్చి ఆగుతుంది. లోపలివారు రమ్మంటే ఎక్కుతాడు. దిగేసరికి అతను 1920ల పారిస్‌లో ఉంటాడు. అక్కడ రచయితలు ఫిట్జ్‌జెరాల్డ్ దంపతులు, హెమింగ్వే, గెర్ట్రూడ్ స్టైన్, చిత్రకారులు పికాసో, డాలీ, సినీ దర్శకుడు బున్యుయేల్ అందరూ తారసపడతారు. పికాసో ప్రేయసిగా పరిచయమైన ఏడ్రియానాను అతను ప్రేమిస్తాడు. ఆమెకేమో తన కాలం చప్పగా ఉంటుంది, 1890ల పారిస్ అంటే ప్రాణం. ఒక రాత్రి గుర్రపు బండి ఒకటి ఇద్దరినీ ఆ కాలానికే చేరుస్తుంది. అక్కడ చిత్రకారులు తులూజ్ లోత్రెక్, గోగాన్, డెగా తమ కాలంలో సారం లేదని, పునరుజ్జీవన కాలమే కాలమని నిట్టూరుస్తారు. దూరపు కొండలు నునుపు అన్న సంగతి గిల్‌కు అప్పుడు తలకెక్కుతుంది.

నా మొదటి సందేహం ఇది. వర్తమానాన్ని ప్రేమించాలని బోధించదలచిన కథలో వర్తమానానికి ప్రతినిధులుగా ఇనెజ్‌ను, ఆమె తల్లిదండ్రులను, ఆమె స్నేహితుడు పాల్ అనే పండితమ్మన్యుణ్ణి నిలబెట్టి, గతానికి ప్రతినిధులుగా ఇంత ముచ్చటైన మనుషులను ఎందుకు నిలబెట్టారు? త్రాసులో ఒక తక్కెడ మీద వేలు పెట్టి తూచినట్లు లేదా? రెండో సందేహం ఏడ్రియానా గురించి. ఆమె 1890లలోనే ఉండిపోతుంది, గిల్ వెనక్కి వస్తాడు. గిల్ వివేకవంతుడని, ఆమె భ్రమలో ఉండిపోయిందని సినిమా అంటున్నదా? అలా అంటే అది న్యాయమేనా?

జవాబు (తెరచాప):

పాతరీలు గారూ, మీ మొదటి ఫిర్యాదులో సగం నేను ఒప్పుకుంటాను. ఇనెజ్ పాత్రకు రచయిత ఏ మాత్రం లోతు ఇవ్వలేదు. రేచెల్ మెక్‌ఆడమ్స్ వంటి నటి ఉండి కూడా ఆ పాత్ర సణుగుడు దాటి ముందుకు పోదు. అయితే దీనికి కారణం గతం, వర్తమానం అన్న గొడవ కాదు. శృంగార హాస్య చిత్రాలకు ఉన్న పాత అలవాటు ఇది. నిశ్చయమైన పెళ్ళి చివరికి తప్పిపోవాలి, తప్పిపోయినందుకు ప్రేక్షకుడు బాధపడకూడదు. అందుచేత ఆ పెళ్ళికూతురో పెళ్ళికొడుకో మొదటి సన్నివేశంలోనే మనకు విసుగు పుట్టించాలి. 1930ల నాటి హాలీవుడ్ హాస్య చిత్రాల నుంచి వస్తున్న సూత్రమే ఆలెన్ ఇక్కడ వాడుకున్నాడు. కాస్త సోమరితనంతోనే వాడుకున్నాడు.

మిగతా సగం ఒప్పుకోను, ఎందుకంటే ఈ సినిమాలో వర్తమానమంటే ఇనెజ్ ఒక్కతే కాదు. సినిమా మొదలవగానే మూడు నిమిషాలకు పైగా జాజ్ సంగీతకారుడు సిడ్నీ బెషే సాక్సఫోన్ వినిపిస్తూ ఉంటే, పారిస్ వీధులు పొద్దుట నుంచి వానలోకి, వాన నుంచి రాత్రిలోకి ఒక్కొక్కటిగా కదులుతాయి. వాటిలో పాత్రలు లేవు, మాటలు లేవు. అవన్నీ ఈ కాలపు వీధులే, కార్లూ పర్యాటకులూ కనిపిస్తూనే ఉంటారు. ఛాయాగ్రాహకుడు డారియస్ కాంజీ ఆ నేటి వీధులకూ తేనె రంగు వెలుగే ఇచ్చాడు. గతాన్ని బంగారు వన్నెలో ముంచి వర్తమానాన్ని నీలి బూడిద రంగులో చూపడం ఇటువంటి కథలలో అందరూ చేసే పని. ఆయన ఆ దారి పట్టలేదు. కాలం మారేటప్పుడు పొగమంచు, మెరుపులు, గిర్రున తిరిగే తెర వంటి హంగులు కూడా ఏవీ లేవు. కారు మలుపు తిరుగుతుంది, అంతే.

కాలం మారడాన్ని అతి తక్కువ ఖర్చుతో చూపిన ఒక చిన్న సన్నివేశాన్ని గుర్తు చేస్తాను. హెమింగ్వేతో బారులో మాట్లాడిన గిల్, తన రాతప్రతిని హోటల్ నుంచి తెస్తానని ఉత్సాహంగా బయటికి వస్తాడు. నాలుగు అడుగులు వేశాక, ఎక్కడ కలుసుకోవాలో అడగలేదని గుర్తొచ్చి వెనుదిరుగుతాడు. ఆ బారు ఉన్న చోట ఒక లాండ్రీ ఉంటుంది. అద్దాల వెనుక బట్టలుతికే యంత్రాలు వరుసగా నిలబడి ఉంటాయి. సంగీతం ఉప్పొంగదు, కెమెరా ఎగబడదు. గిల్ ముఖం చూసి మనం నవ్వుతాం. లాండ్రీ అందవిహీనంగా కూడా ఉండదు. అది తన పని తాను చేసుకుపోతున్న మామూలు దుకాణం.

వర్తమానంలో మంచివాళ్ళు లేరన్న మాట కూడా సరికాదు. శిల్పి రోదాఁ మ్యూజియంలో పనిచేసే గైడ్ ఉన్నది. పాత వస్తువుల సంతలో పాతకాలపు పాటల రచయిత కోల్ పోర్టర్ రికార్డులు అమ్మే గాబ్రియేల్ ఉన్నది. సెన్ నది గట్టున పాత పుస్తకాల పెట్టెలు ఉన్నాయి, ఏడ్రియానా డైరీ దొరికేది అక్కడే. సినిమా వర్తమానాన్ని రెండుగా చీల్చింది. ఒక వైపు ఖరీదైన హోటల్ గది, ఫర్నిచర్ దుకాణం, ద్రాక్షసారా రుచి చూసే విందులు. రెండో వైపు వీధి. గిల్‌కు పడనిది మొదటి దానితోనే. అంటే అతని జబ్బు శతాబ్దానికి సంబంధించినది కాదు, సావాసానికి సంబంధించినది. అతను దానికి తప్పు పేరు పెట్టుకున్నాడు.

ఇంకొక్క విషయం. గతం మీది వ్యామోహాన్ని గురించి ఈ సినిమా చెప్పదలచిన నీతిని మొట్టమొదట పలికేది ఎవరో గమనించారా? పాల్. మొదటి అంకంలోనే అతను గిల్ ముందు నిలబడి, స్వర్ణయుగమన్న భ్రమ వర్తమానాన్ని తట్టుకోలేనివారు అల్లుకునేదని విడమరచి చెబుతాడు. చెప్పినవాడు గిట్టనివాడు కనుక మనం ఆ మాటను తోసిపుచ్చుతాం. రోదాఁ గురించి గైడ్‌తో వాదనకు దిగి అతను తప్పులో కాలు వేసినప్పుడు మనకు తృప్తిగా కూడా ఉంటుంది. రోజ్ భార్య, కామీ ప్రేయసి అన్న గైడ్ మాటే నిజం. రోదాఁ 1917లో, తానూ రోజ్ కూడా మరణించిన ఏడాదే, ఆమెను పెళ్ళాడాడు. కానీ అసలు విషయంలో పాల్ చెప్పిందే సరైనదని సినిమా చివరికి తేలుతుంది. గిట్టనివాడి నోట నిజాన్ని ముందే పెట్టి, ఆ నిజం దగ్గరికి కథానాయకుణ్ణి రెండు శతాబ్దాలు తిప్పి తీసుకురావడం నాకు చాలా గడుసైన అల్లికగా తోస్తున్నది.

జవాబు (ముక్కుసూటి):

నాకు ఇంత లోతు కనిపించలేదు. గిల్ ఏమీ మారలేదు. ఇనెజ్‌ను వదిలి, పారిస్‌లో ఉండిపోయి, వానలో అలెగ్జాండర్ వంతెన మీద గాబ్రియేల్‌తో నడిచిపోతాడు. ఆ అమ్మాయి ఏం అమ్ముతుంది? పాత రికార్డులు. అతని నవలలో నాయకుడు ఏం అమ్ముతాడు? పాత వస్తువులు. వ్యామోహం నుంచి బయటపడినవాడు అదే వ్యామోహం ఉన్న అమ్మాయిని వెతుక్కున్నాడంటే, మద్యం మానేశానని చెప్పి సారా దుకాణం యజమాని కూతురిని చేసుకున్నట్టే. సినిమా హాయిగా ఉన్నది, పాటలు బాగున్నాయి. నీతి మాత్రం పైపూత.

జవాబు (నిదానం):

ముక్కుసూటి గారి పోలిక చమత్కారంగా ఉన్నది, కానీ నేను వేరే వైపు నుంచి వస్తాను. గిల్ వెళ్ళిన 1920లు అసలు ఎప్పుడైనా ఉన్నాయా అన్నది చూడాలి. ఆ ప్రశ్న అడగకుండా, సినిమా గతాన్ని మరీ అందంగా చూపిందా లేదా అన్న వాదన తెగదు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. హెమింగ్వే 1921 చివర పారిస్ చేరాడు. ఫిట్జ్‌జెరాల్డ్‌ను కలుసుకున్నది 1925 వసంతంలో. నర్తకి జోసెఫిన్ బేకర్ అదే ఏడాది శరదృతువులో వచ్చింది. డాలీ మొదట 1926లో వచ్చి, బున్యుయేల్‌తో కలిసి సినిమా తీసింది 1929లో. స్టైన్ ఇంటి గోష్ఠులు పేరు తెచ్చుకున్నది మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు. పికాసో ఆమె చిత్రపటం పూర్తి చేసింది 1906లో. ఇవన్నీ ఒకే వారంలో, ఒకే నాలుగు వీధులలో జరుగుతున్నట్లు సినిమా చూపిస్తుంది. దీనిని చారిత్రక దోషమని పట్టుకోవడం వృథా. గిల్ వెళ్ళింది ఒక సంవత్సరంలోకి కాదు, తన పుస్తకాల అలమారాలోకి. అలమారాలో 1921కీ 1929కీ మధ్య దూరం ఒక బెత్తెడు. అతను కలుసుకున్న హెమింగ్వే కూడా హెమింగ్వే పుస్తకాల భాషలోనే మాట్లాడతాడు. చావు, ధైర్యం, నిజాయితీ గల వాక్యం, మధ్యమధ్య ఎవరైనా కొట్లాటకు వస్తారా అన్న సవాలు. కోరీ స్టోల్ ఆ పాత్రను నవ్వు కనబడనివ్వకుండా చేశాడు కనుకనే మనకు అంత నవ్వొస్తుంది.

ఆ అలమారాలోని పుస్తకాలు సైతం తిన్నగా 1920ల నుంచి వచ్చినవి కావు. ఆ పారిస్‌ను మన మనస్సులో గట్టిగా నాటిన ‘ఎ మూవబుల్ ఫీస్ట్’ను హెమింగ్వే తన చివరి సంవత్సరాలలో రాశాడు. అది అచ్చయింది 1964లో, ఆయన చనిపోయిన మూడేళ్ళకు. అప్పటికి పేరు, డబ్బు, నాలుగు పెళ్ళిళ్ళు, దెబ్బతిన్న శరీరం అన్నీ ఉన్న మనిషి, పేదరికంలో మొదటి భార్య హ్యాడ్లీతో గడిపిన రోజులను తలచుకుంటూ రాసిన పుస్తకమది. వేడినీళ్ళు లేని, లోపల మరుగుదొడ్డి లేని ఇల్లు అందులో స్వర్గంలా కనిపిస్తుంది. కార్డినల్ లెమ్వాన్ వీధిలోని ఆ ఇల్లు, గిల్ కూర్చున్న సెంటెటియెన్ ద్యూ మోఁ చర్చి మెట్లకు నడిచిపోయేంత దగ్గరలోనే ఉన్నది. అంటే గిల్ కలగన్న పారిస్‌ను అప్పటికే ఒక ముసలివాడు కలగని ఉన్నాడు. ఏడ్రియానా, గోగాన్ గొలుసుకు ఇది ఇంకొక లంకె. సినిమా దానిని నోరు విప్పి చెప్పదు.

ఆ పేదరికాన్ని గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. యుద్ధానికి ముందు ఒక డాలరుకు అయిదు ఫ్రాంకుల పైచిలుకు వచ్చేవి. 1926 వేసవిలో ఫ్రాంకు కుప్పకూలినప్పుడు దాదాపు 50 వచ్చాయి. 1928లో ఫ్రెంచి ప్రభుత్వం దానిని పాతిక దగ్గర నిలిపింది. హెమింగ్వేకు కెనడాలోని టొరంటో పత్రిక నుంచి జీతం వచ్చేది, హ్యాడ్లీకి అమెరికాలో పెద్దలు వదిలిన సొమ్ము మీద రాబడి ఉండేది. అమెరికాలో 1920 నుంచి మద్యనిషేధం ఉండగా ఇక్కడ ద్రాక్షసారా చవకగా పారేది. ఆ రోజులు బంగారు రోజులయ్యాయంటే అది డాలరు చేత పట్టుకున్నవారికి. అదే నగరంలో జీతం ఫ్రాంకులలో తీసుకున్న గుమస్తాకు, దాచుకున్న పొదుపు కళ్ళముందే కరిగిపోయిన కాలమది. యుద్ధంలో 13 లక్షలకు పైగా సైనికులను పోగొట్టుకున్న దేశంలో, సినిమా చూపిన విందులలో ఒక్క కుంటివాడూ, ఒక్క నల్లదుస్తుల విధవా కనిపించరు.

బెషేనే తీసుకోండి. తెరచాప గారు చెప్పిన ఆ ప్రారంభ సంగీతం 1920ల నాటిది కాదు. బెషే ఫ్రాన్స్‌లో స్థిరపడిన తరువాత, 1950లలో చేసినది. బెషే 1920లలో కూడా పారిస్‌లో ఉన్నాడు. 1925లో జోసెఫిన్ బేకర్ వచ్చిన బృందంలోనే వచ్చాడు. కానీ 1928లో వీధిలో జరిగిన కాల్పుల గొడవలో అరెస్టయి, దాదాపు ఏడాది జైలులో ఉండి, దేశం నుంచి పంపివేయబడ్డాడు. గిల్ కలలోని పారిస్‌లో అటువంటి సంగీతకారుడికి చోటు లేదు. బేకర్ సైతం ఆ చిత్రంలో కొన్ని క్షణాల నృత్యం మాత్రమే. తమ దేశంలో తెల్లవారి పక్కన కూర్చోలేని నల్లజాతి కళాకారులకు ఆనాటి పారిస్ ఏమిటన్నది వేరే సినిమాకు సరిపడే వస్తువు.

గోగాన్ విషయం మాత్రం నిజంగా ముచ్చటగా ఉన్నది. ఆ రాత్రి గిల్, ఏడ్రియానా మొదట అడుగుపెట్టిన మాక్సిమ్స్ రెస్టారెంటు తెరిచింది 1893లో. అదే ఏడాది గోగాన్ పసిఫిక్ సముద్రంలోని తాహితీ దీవి నుంచి తిరిగివచ్చి, 1895 వరకు ఫ్రాన్స్‌లో ఉన్నాడు. కాబట్టి ఆ బల్ల దగ్గర అతను కూర్చోవడంలో కాలదోషం లేదు. నాగరికత తాకని పురాతన స్వర్గం దొరుకుతుందని 1891లో ఓడ ఎక్కిన మనిషి, అక్కడ మిషనరీలనూ ఫ్రెంచి అధికారులనూ చూసి, ఆ స్వర్గాన్ని తన కాన్వాసు మీద తానే కల్పించుకోవలసి వచ్చింది. మళ్ళీ 1895లో అక్కడికే వెళ్ళిపోయాడు. తన కాలం శూన్యమని అతని నోట పలికించిన వాక్యం హాస్యం కోసం పెట్టినదే కావచ్చు, కానీ ఆ ముగ్గురిలో ఆ మాట అనడానికి జీవితాన్నే పణంగా పెట్టినవాడు అతనొక్కడే.

పాతరీలు:

నిదానం గారూ, ధన్యవాదాలు. అలమారా అన్న మాట నాకు చాలా ఉపయోగపడింది. అయితే దాని నుంచే ఇంకొక చిక్కు పుడుతున్నది. గిల్‌కు వాళ్ళ భవిష్యత్తు అంతా తెలుసు. ఫిట్జ్‌జెరాల్డ్ భార్య జెల్డా 1930 నుంచి ఆసుపత్రుల పాలవుతుందని, ఫిట్జ్‌జెరాల్డ్ 1940లో నలభై నాలుగేళ్ళకే పోతాడని, హెమింగ్వే 1961లో తుపాకీతో ప్రాణం తీసుకుంటాడని అతనికి తెలియకుండా ఉండదు. సెన్ నదిలో దూకబోతున్న జెల్డాకు జేబులోంచి ఆందోళన తగ్గించే వేలియం మాత్ర తీసి ఇస్తాడు, అది ఏమిటని ఆమె అడిగితే భవిష్యత్తు మాత్ర అన్నట్లు చెబుతాడు. మనం నవ్వుతాం. సినిమా వెంటనే ముందుకు సాగిపోతుంది. అంత తెలిసినవాడు ఒక్కసారైనా బరువెక్కకపోవడం మీకు కొరతగా అనిపించలేదా? ఏడ్రియానా గురించి కూడా ఎవరూ మాట్లాడలేదు.

జవాబు (కలంపోటు):

ఆ కొరత ఉన్నది, పాతరీలు గారూ. ఉండడం వల్లనే అది హాస్య చిత్రంగా నిలిచింది. జెల్డా సన్నివేశంలో ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే తిరిగి నవ్వించడం ఎవరి తరమూ కాదు. అది తెలిసి తీసుకున్న నిర్ణయం, దానికి మూల్యం కూడా ఉన్నది. జెల్డా అక్కడ ఒక మనిషిగా కాక ఒక వినోదంగా మిగిలిపోయింది.

గిల్ ఏమీ మారలేదన్న ముక్కుసూటి గారి వాదనకు మాత్రం జవాబు చెప్పాలి. రాసే అలవాటు ఉన్నవారికి ఈ సినిమాలో కొట్టవచ్చినట్లు కనిపించేది గతం అందం కాదు. గిల్ గతంలోకి వెళ్ళి ఏం చేశాడు? తన రాతప్రతిని చదివించుకున్నాడు. వర్తమానంలో దానిని ఎవరికీ చూపడానికి సిగ్గుపడేవాడు. ఇనెజ్ దాని గురించి నలుగురిలో వేళాకోళం చేస్తుంది. హెమింగ్వేను చదవమని అడిగితే, బాగా లేకపోతే బాగా లేనందుకు అసహ్యించుకుంటాను, బాగుంటే అసూయతో ఇంకా అసహ్యించుకుంటాను, తోటి రచయిత అభిప్రాయం అడగకు అని తిప్పికొట్టి స్టైన్ దగ్గరికి తీసుకుపోతాడు. రచయితలను గురించి ఇంత నిజమైన హాస్యం ఈ మధ్య సినిమాలలో అరుదు. కేతీ బేట్స్ ఆడిన స్టైన్ అందరి ముందు మొదటి వాక్యాలను పైకి చదువుతుంది. ఒక తరానికి మామూలుగా, మోటుగా కూడా కనిపించిన సరుకు, ఏళ్ళు గడిచినంత మాత్రాన ఇంకో తరానికి మాయగా తోస్తుందని ఆ వాక్యాల సారం. అంటే వ్యామోహం మీద విమర్శ గిల్ చేతిరాతలో మొదటి పేజీలోనే ఉన్నది. తాను రాసినది తనకు తగులుతుందని మాత్రం అతనికి తెలియదు.

ఇక్కడి నుంచి కథ పూర్తిగా పాఠకుల కథ అవుతుంది. నవలలో నాయకుడికి తన కాబోయే భార్య ఆ పండితుడితో తిరుగుతున్నదని కనిపించకపోవడం నమ్మశక్యంగా లేదని హెమింగ్వే అన్నట్లు స్టైన్ చెబుతుంది. ఆ ఒక్క సాహిత్య విమర్శతో గిల్ నిశ్చితార్థం ముగిసిపోతుంది. వర్తమానంలో కళ్ళ ముందు జరుగుతున్నదాన్ని చూడలేనివాడు, తాను కాగితం మీద పెట్టినదాన్ని గతంలోని ఒక పాఠకుడు చదివి చెబితే చూడగలిగాడు. వ్యామోహం మీది వాదనకు నా దృష్టిలో ఈ మలుపే కీలకం. లోత్రెక్ బల్ల దగ్గర గిల్ ఇచ్చే ఉపన్యాసం దానితో పోలిస్తే పలచన. అతనికి గతం నివసించే చోటుగా పనికిరాలేదు కానీ, చదివి తప్పులు పట్టే మనుషులున్న చోటుగా పనికివచ్చింది. పాత రికార్డులు అమ్మే అమ్మాయితో నడిచిపోతే తప్పేమిటి, ముక్కుసూటి గారూ? పాతదాన్ని ఇష్టపడడం వేరు, ఇప్పటి బతుకు నుంచి దాక్కోవడానికి దాన్ని వాడుకోవడం వేరు. గాబ్రియేల్ ఆ రికార్డులను అమ్ముకుంటూ తన కాలంలో బతుకుతున్నది, వానలో తడవడానికి కూడా ఆమెకు అభ్యంతరం లేదు.

గతంతో లావాదేవీ ఒకే వైపు సాగలేదన్నది కూడా గమనించదగినది. విందుకు వచ్చిన అతిథులు గది వదిలి బయటికి పోలేకపోయే కథ ఒకటి గిల్ బున్యుయేల్‌కు చెవిలో వేస్తాడు. 1962లో బున్యుయేల్ తీయబోయే ‘ది ఎక్స్‌టర్మినేటింగ్ ఏంజెల్’ కథ అది. బున్యుయేల్‌కు అది అర్థం కాదు, వాళ్ళు తలుపు తీసుకుని ఎందుకు పోరని మళ్ళీమళ్ళీ అడుగుతాడు. తెర వెలుపల గతం తన అప్పు వసూలు చేసుకోజూసిన సంగతి కూడా ఉన్నది. గతం చచ్చిపోలేదన్న అమెరికన్ రచయిత ఫాక్నర్ ప్రసిద్ధ వాక్యాన్ని గిల్ ఒకచోట, ఆయన పేరు చెప్పే, కాస్త మార్చి వాడతాడు. దానికి ఫాక్నర్ రచనల హక్కుదారులు 2012లో ఈ సినిమా పంపిణీదారు సోనీ పిక్చర్స్ క్లాసిక్స్ మీద దావా వేశారు. అంత చిన్న ఉటంకింపు చట్టానికి విరుద్ధం కాదని 2013లో న్యాయస్థానం కొట్టివేసింది. సినిమా కంటే ఆ దావాయే పెద్ద హాస్యమని నాకు అనిపిస్తుంది.

ఇక ఏడ్రియానా. ఆమె పారిస్‌కు వచ్చింది బట్టల రూపకల్పన నేర్చుకోవడానికి. కానీ 1920లలో ఆమెను ఎవరూ ఆ పని గురించి అడగరు. మోదిల్యానీ, బ్రాక్, పికాసో ఒకరి తరువాత ఒకరు ఆమెను ప్రేమిస్తారు, బొమ్మలు గీస్తారు, హెమింగ్వే ఆఫ్రికాకు తీసుకుపోతాడు. గిల్ కూడా ఆమె కళ్ళను, మాటను మెచ్చుకుంటాడే గాని ఏం కుడుతున్నావని అడగడు. 1890లలో ఆ బల్ల దగ్గర కూర్చున్న కాసేపటికే, ఒక బ్యాలేకు దుస్తులు కావాలన్న ప్రస్తావన ఆమె ముందుకు వస్తుంది. గిల్ అక్కడ యాంటీబయాటిక్స్ లేవని, పన్ను పీకించుకుంటే మత్తు ఉండదని ఏవేవో చెబుతాడు. మందుల మాట నిజమే. పెనిసిలిన్‌ను కనుగొన్నది 1928లో, మందుగా వాడుకలోకి వచ్చింది 1940లలో. అయితే పని దొరకబోతున్న మనిషికి మందుల జాబితా చదివి వినిపిస్తే ఏం ఆగుతుంది?

ఆమె ఎంపిక తెలివైనదని కూడా తేలికగా అనలేము. ఫ్రాన్స్‌లో పెళ్ళైన స్త్రీకి తన సంపాదన మీద తనకే అధికారం ఉంటుందని చట్టం వచ్చింది 1907లో. ఓటు హక్కు 1944లో. ఆ బ్యాలే దుస్తులు కుట్టి సంపాదించినా, పెళ్ళి చేసుకుంటే ఆ డబ్బు ఆమె చేతిలో నిలవడానికి మరో పది పదిహేనేళ్ళు ఆగవలసి ఉండేది. ఈ లెక్కలేవీ ఆమె వేసుకోలేదు, సినిమా కూడా వేయలేదు. కానీ ఆమెను శిక్షించలేదు. ఇనెజ్ తండ్రి గిల్ వెనుక పంపిన డిటెక్టివ్ తప్పు మలుపు తిరిగి వెర్సాయ్ రాజభవనంలో తేలితే, భటులు తరుముతుంటే పరుగెత్తుతాడు. ఏడ్రియానాకు అటువంటి గతి పట్టలేదు. గిల్ వాదనంతా విని, ఒప్పుకోకుండా, ముద్దు పెట్టి వీడ్కోలు చెప్పి ఆ వీధిలోనే ఉండిపోయింది. ఆ తరువాత ఆమెకు ఏమైందో చూపడానికి కెమెరా ఆమె వెంట వెళ్ళలేదు. నేనైతే గిల్ నవల కంటే ఆ బ్యాలే దుస్తులు ఎలా వచ్చాయో చూడడానికి ఎక్కువ ఇష్టపడేదాన్ని.